అమ్మవారింట్లో తిరగవాత

గురుస్వామిని చంపినవాళ్లు తొందరపడలేదు. తలుపు దగ్గరగా వేశారు. గుమ్మానికి వేపమండ కట్టారు. నడుచుకుంటూ వెళ్లిపోయారు.

అది శనివారం పొద్దున. 1976 మార్చి, నంద్యాల.

పాలవాడు వచ్చాడు. వేపమండ చూశాడు. వీధిలోనే చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని పక్కింటికి పోయాడు. పోస్ట్‌మాన్ ఉత్తరాన్ని దూరం నుంచే గుమ్మంలోకి విసిరాడు. ఎదురింటి ఆవిడ పిల్లల్ని ఆ వైపు ఆడుకోవద్దంది. వేపమండ కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. పొక్కులని ఎవరూ అనరు. జబ్బని అసలే అనరు. బయటివాళ్లు లోపల అడుగు పెట్టరు. పోలీసులు వేసే సీలు కంటే గట్టిది ఆ వేపమండ.

సోమవారం మధ్యాహ్నం వాసన వస్తేగాని ఆ తలుపు తీయలేదు.

*

మంగళవారం ఉదయం. నంద్యాల స్టేషన్ ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఒక మనిషి వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. వయసు ముప్పై ఎనిమిది. మొహమంతా మశూచి మచ్చలు. పక్కన ఖాకీ సంచి.

తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ బండి ద్రోణాచలం పోతుందా?"

"ఇంజనుకు నీళ్లు పట్టినాక పోతాది."

"నీళ్లు ఉప్పగా ఉంటే?"

"ఇంజనుకు నాలిక లేదు సార్."

కోడ్ సరిపోయింది. పంచె కట్టుకున్న ఆయన దేవరాజు. హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసుకి చీఫ్. శనక్కాయలు వలుస్తున్నది ఏజెంట్ 19. పేరు యోబు. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. ఒళ్లంతా పుండ్లతో బాధపడిన భక్తుడి పేరు బైబిల్లోంచి తీసి తండ్రి పెట్టాడు. ఐదేళ్లు తిరక్కుండానే ఆ పేరు నిజమైంది.

దేవరాజు ఒక ఉత్తరం నకలు చేతికిచ్చాడు. "చదువు. గుర్తు పెట్టుకో. నమిలి మింగెయ్."

"శనక్కాయల మీద కాగితం అరగదు సార్."

"చదువు."

ఉత్తరం రాసింది గురుస్వామి. టీకాల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. రెండేళ్ల కింద ఒక మశూచి రోగి ఒంటి మీది పక్కులు తీసి మూడు గాజు గొట్టాల్లో పెట్టాడు. రెండు గొట్టాలు ల్యాబ్‌కి చేరాయి. మూడోది సంచి కుట్టులో ఇరుక్కుపోయింది. పోస్టులో పగిలిందని రిపోర్టు రాసేశాడు. 'అది అబద్ధం,' అని ఉంది ఉత్తరం చివర. 'గొట్టం నా దగ్గరే ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. వచ్చి తీసుకుపోండి.'

"ఈ ఉత్తరం హెల్త్ ఆఫీసుకి చేరింది," అన్నాడు దేవరాజు. "అక్కడి నుంచి మనకి చేరేలోపు ఇంకెవరికో చేరింది. గురుస్వామి పోయాడు. గొట్టం పోయింది."

"ఎవరు?"

"వోల్మర్. విగ్రహాలు కొని విదేశాలకు పంపే వ్యాపారి. ఏ దేశం కోసం పనిచేస్తాడో ఫైల్లో రాశారు. దాని మీద ఎవరో నల్ల సిరా పూశారు. కాబట్టి నన్నడక్కు."

"ఆ పక్కులతో వాడికేం పని?"

దేవరాజు ఒక శనక్కాయ తీసుకుని చిదిపాడు. "పది నెలలుగా దేశంలో ఒక్క మశూచి కేసు లేదు. ఇంకొన్నాళ్లకి ప్రపంచంలోనే లేదంటారు. టీకాలు ఆపేస్తారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలెవరికీ రక్షణ ఉండదు. అప్పుడు ఆ గొట్టం ఎవరి బీరువాలో ఉంటే, యుద్ధం వాడిది. ఫైల్లో కూడా జబ్బు పేరు రాయలేదు. 'పెద్దావిడ' అని రాశారు. ఢిల్లీ వాళ్లకీ భయమే."

"నన్నే ఎందుకు పిలిచారు సార్?"

"నీ మొహం చూసి. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ రాదు. ఆ గొట్టం పగిలిన గదిలో భయం లేకుండా నిలబడగలిగే ఏజెంటు నాకు నువ్వొక్కడివే. పిస్టల్ తీసుకోవద్దు. గుండు గురి తప్పితే ఏం పగులుతుందో తెలీదు. సంచిలో వైర్‌లెస్ ఉంది, ట్రాన్సిస్టర్‌లాగా ఉంటుంది. టీకా సూదులున్నాయి. మశూచి కేసులు వెతికే సెర్చ్ వర్కర్‌వి నువ్వు. లోకల్ ఆఫీసరు నీకు సాయం చేస్తుంది."

ఉత్తరానికి పిన్ను పెట్టి గురుస్వామి ఫోటో ఉంది. యోబు దాన్ని చాలాసేపు చూశాడు.

"తెలిసిన మనిషా?" అన్నాడు దేవరాజు.

"ఒక్కసారి చూశాను సార్," అన్నాడు యోబు.

*

గురుస్వామి గది బయట జీపు ఆగి ఉంది. బానెట్ మీద మోచేయి ఆనించి ఒకామె నిలబడింది. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, మణికట్టుకి మగవాళ్ల వాచీ. నంద్యాల ఎండ ఆమె దగ్గరికి రావడానికి జంకుతున్నట్టుంది.

"డాక్టర్ ప్రసన్నకుమారి. ఎపిడెమియాలజీ," అంది. "పుట్టింది ఈ ఊళ్లోనే. ఎనిమిదేళ్లకే మద్రాసు హాస్టల్. మీరు యోబు గారు కదూ? నాకు అందరూ ఒకేలా కనిపిస్తారు. మీరు మాత్రం అలా కనిపించరు."

"అది నా మచ్చల గొప్ప మేడమ్."

గదిలో వెతకడానికి ఏమీ మిగల్లేదు. పరుపు కోసేశారు, సంచి కుట్లు విప్పేశారు. యోబు బయటికి వచ్చి వేపమండ విప్పాడు. ఆకులు వాడిపోయాయి. కట్టిన దారం మాత్రం కొత్తది. అతని వేళ్లకి ఎర్రటి పొడి అంటింది. జాజు.

జాజులో ముంచిన దారం. రాతి మీద బిగించి లాగి వదిలితే ఎర్రగీత పడుతుంది. ఆ గీత వెంబడి ఉలి నడుస్తుంది. ఈ చుట్టుపక్కల ఆ దారం ఉండేది ఒక్కచోటే.

"ఆళ్లగడ్డ," అన్నాడు యోబు.

"గుడ్," అంది ప్రసన్నకుమారి. ఒక్క క్షణం ఆలస్యంగా అంది.

తల ఎత్తేసరికి గుమ్మం పక్కన ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంది. పసుపు గౌను. మాట్లాడలేదు. అతన్నే చూస్తోంది.

యోబు చూపు తిప్పుకున్నాడు. ఆ పిల్ల రూతు. అతని చెల్లెలు. చనిపోయి ఇరవై తొమ్మిదేళ్లయింది.

అప్పుడు అతనికి తొమ్మిదేళ్లు. పక్క ఊళ్లో అమ్మవారు పోస్తోందని టీకాల మనిషి వచ్చాడు. కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఆ రోజుల్లో టీకా అంటే చర్మం మీద తిప్పే ఇనప చక్రం. వారం రోజులు పుండు, జ్వరం. అమ్మ రూతుని జొన్నల గాదెలో దాచి పైన చాట పెట్టింది. టీకాల మనిషి ఇంట్లో అందరికీ వేశాడు. యోబు మొహం చూసి, నీకక్కర్లేదులే అని నవ్వాడు. వెళ్లబోతూ అతన్నే అడిగాడు.

"ఇంట్లో ఇంకా ఎవరన్నా ఉండారా అబ్బీ?"

"లేరు సార్."

టీకాల మనిషి పుస్తకంలో 'పూర్తి' అని రాసుకుని పోయాడు. ఆయనే గురుస్వామి. పద్దెనిమిదో రోజున రూతు పోయింది.

అప్పట్నించి వేపమండ ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా ఆ పిల్ల కనిపిస్తుంది. యోబు తనకొక రూలు పెట్టుకున్నాడు. రెండోసారి చూడకూడదు. చూడకపోతే వెళ్లిపోతుంది.

*

బుధవారం. ఆళ్లగడ్డ.

శిల్పుల వీధి పొడవునా ఉలుల చప్పుడు. చెట్ల ఆకుల మీద, గేదెల వీపుల మీద తెల్లటి రాతిపొడి. సగం చెక్కిన దేవుళ్లు వరసగా ఎండలో నిలబడ్డారు. యోబు రికగ్నిషన్ కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. కార్డు మీద మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ. ఇలాంటి పొక్కులు ఎవరికన్నా వచ్చాయా అని అడగాలి.

నాలుగో ఇంటి అరుగు మీద ఒక ముసలామె చింతపండు పీచు తీస్తోంది. పేరు వెంకటలక్ష్మమ్మ.

"కార్డెందుకప్పా," అంది. "నీ మొగం చాల్దా?"

"మొగం గవర్నమెంటుది కాదు గదమ్మా. కార్డయితే రబ్బరు స్టాంపు ఉంటాది."

ఆమె నవ్వి మజ్జిగ తెచ్చిచ్చింది. "అమ్మ నీ ఒంటి మీద బాగా ఆడుకునింది. బతికి బయటపడినావు. కూచో."

వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా, రెండు గదుల మిద్దె. గుమ్మానికి వేపమండ. పచ్చగా ఉంది. రోజూ మారుస్తున్నారు.

"ఆడ ఎవరికి పోసింది?"

"తెలీదప్పా. కొత్తోళ్లు. రెండు వారాలాయ. ఎవురూ బయటికి రారు. జీపేసుకోని ఒక డాక్టరమ్మ వస్తాది మిట్టమధ్యానం. గంట సేపుండి పోతాది." వెంకటలక్ష్మమ్మ గొంతు తగ్గించింది. ఆ తగ్గించడంలో భయం కంటే కోపం ఎక్కువుంది. "ఒకటి చెప్తా విను. ఆ ఇంట్లో రోజూ తిరగవాత ఏస్తాండారు."

యోబు గ్లాసు కింద పెట్టాడు.

"ఏందీ?"

"తిరగవాత. ఆవాలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు. వాసన ఈడిదాకా వస్తాంది. అమ్మ ఇంట్లో ఉంటే ఎవురన్నా నూనె కాగబెడతారా? పొయ్యి మీద చిటపట అనిందంటే అమ్మకి ఎంత మంట. చప్పిడి కూడు తినాల. నా పెండ్లయి నలభై ఏండ్లు, ఇట్లా ఇంటిని నేను యాడా చూడలా."

ఆమెకి అది అపచారం. యోబుకి అది సాక్ష్యం. ఈ జిల్లాలో ఏ కులమైనా, ఏ మతమైనా, ఆదివారం చర్చికి పోయే తన తల్లయినా సరే, అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టదు. వేపమండ సంగతి పుస్తకాల్లో ఉంటుంది. తిరగవాత సంగతి ఎవరూ రాయలేదు. ఎనిమిదేళ్లకి హాస్టలుకి పోయిన పిల్లకి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ ఇంట్లో రోగి లేడు. ఆళ్లగడ్డలో తెల్లతోలు మనిషిని దాచడానికి వేపమండ కంటే మంచి తెర లేదు.

యోబు లేచి చెప్పులు వేసుకుంటుండగా వెంకటలక్ష్మమ్మ వెనక, తలుపు నీడలో, ఆరేళ్ల పిల్ల కనిపించింది. గౌను రంగు తెలియలేదు. అతన్నే చూస్తోంది.

ఎదురింటి వేపమండ ఇంత దూరానికి కూడా పనిచేస్తోందనుకున్నాడు. రెండోసారి చూడలేదు.

*

వెంకటలక్ష్మమ్మ మొగుడు శేషయ్య ఆ పక్క కొట్టంలో అమ్మవారి విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు. చేతులు ఇనప కడ్డీల్లా ఉన్నాయి.

"మద్రాసు కంపెనీ ఆర్డరప్పా. ఆదివారం పగలు పన్నెండున్నరకి లారీ వస్తాది. ఆడినుంచి ఓడ. పీఠంలో బెత్తెడు లోతు బొక్క పెట్టమన్నారు. దానికి రాతి బిరడా. ఆ బిరడా ముందే తీస్కపోయినారు, ఆఖర్న వాళ్లే బిగిస్తారంట."

"ఎందుకని అడగలా?"

"రాయి కొట్టేవాణ్ణి. ఎందుకని అడిగితే చెయ్యి ఆగిపోతాది." శేషయ్య ఉలి ఎత్తి, మళ్లీ దించాడు. "నా జాజు దారం గూడా ఒక మూర కోసుకోని పోయినారు. అది మాత్రం అడగాలనుకున్నా."

ఆ సాయంత్రం యోబు ట్రాన్సిస్టర్ విప్పి దేవరాజుకి అంతా చెప్పాడు.

"ఇప్పుడే రెయిడ్ చేద్దాం," అన్నాడు దేవరాజు.

"వద్దు సార్. గొట్టం చేతిలో ఉన్నవాడు దాన్ని వీధిలో పగలగొడితే? జనం పారిపోతారు. పారిపోయినవాళ్లు ఏ ఊరికి పోయారో, ఎవరింట్లో పడుకున్నారో వెతకడం మన తరం కాదు. ముందు కంచె వేద్దాం. ఆ ఇంటి చుట్టూ నాలుగు వీధులు. ప్రతి మనిషికీ టీకా. మంట చుట్టూ ఎండుగడ్డి పీకేస్తాం చూడండి, అట్లా. ఆ తర్వాత పగిలినా అంటుకోవడానికి ఏమీ ఉండదు."

"ఆదివారం లోపా? ఎవరు వేస్తారు?"

"డాక్టర్ ప్రసన్నకుమారి."

గరగరలోంచి దేవరాజు గొంతు పెద్దదైంది.

"ఆమె వాళ్ల మనిషని ఇప్పుడే కదయ్యా చెప్పావ్?"

"అందుకే సార్. మశూచి పోయిందని తేల్చే కమిషన్ వస్తోంది, ఈ నాలుగు వీధులూ మోడల్ ఏరియా అని ఆర్డరిప్పించండి. కాదంటే అనుమానం వస్తుందని ఆమే దగ్గరుండి వేయిస్తుంది."

వేయించింది. గురు, శుక్ర, శనివారాలు మూడు రోజులు ఎండలో తిరిగింది. చీర అంచుకి రాతిపొడి పట్టింది. చెట్టెక్కిన పిల్లల్ని దింపి వేయించింది. మొరాయించిన ఆడవాళ్ల ముందు తన చేతి మీద మచ్చ చూపించింది. యోబు షీట్లు మోస్తూ వెనకే నడిచాడు. శత్రువు ఇంత బాగా పనిచేయడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ఈ పని మీకిష్టమే," అన్నాడు శనివారం.

"చదువుకున్నది ఇదే కదా." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కళ్ల కింద నల్లటి చారలు. "విదేశాల్లో పెద్ద ల్యాబులున్నాయి యోబు గారు. ఇక్కడ నేను ఆవుల కొట్టాల్లో సూదులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ ల్యాబుల్లో ఒక్క కుర్చీ కోసం మీరైతే ఎంత దూరం వెళ్తారు?"

యోబు సూదుల సంచి భుజానికి తగిలించుకున్నాడు. షీట్ చూశాడు. నూట అరవై రెండు ఇళ్లు. ఆఖరి ఇల్లు వెంకటలక్ష్మమ్మది. ఆమె అరుగు మీదే నిలబడి, మొగుడికి కొట్టం దగ్గరే వేశారని, మిగిలింది తను, ఇద్దరు కొడుకులు, కోడలు అని చెప్పింది. ప్రసన్నకుమారి చేతిరాత: 'నలుగురు. పూర్తి.'

ఆ మాట మీద యోబు వేలు ఒక్క క్షణం ఆగింది. షీట్ మడిచి సంచిలో పెట్టాడు.

*

ఆదివారం. పన్నెండు గంటల పది నిమిషాలు.

లారీ ముందే వచ్చింది. అందులో కూలీల వేషంలో దేవరాజు, నలుగురు పోలీసులు. శేషయ్య మాత్రం పొద్దున్నుంచి కనిపించలేదు. జీపు వేపమండ ఇంటి ముందు ఆగి ఉంది. కిటికీలోంచి కాగిన నూనె వాసన.

యోబు అలవాటుగా గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

రెండో గది వంటగది. కిరోసిన్ స్టవ్ మీద ఇనప బాణలి, సగం దాకా నూనె. ప్రసన్నకుమారి చీర కొంగు బొడ్లో దోపుకుని ఊరమిరపకాయలు వేయిస్తోంది. పక్కన గిన్నెలో పప్పు తాలింపు కోసం ఎదురుచూస్తోంది. కిటికీ దగ్గర పొడుగాటి తెల్లమనిషి. ఒక చేతిలో రాతి బిరడా. ఇంకో చేతిలో చూపుడువేలంత గాజు గొట్టం. అడుగున బూడిదరంగు పక్కులు, చిటికెడు.

అంతే. చిటికెడు. రూతుని తీసుకుపోయినది దానికంటే ఎక్కువేమీ ఉండదు.

"మిస్టర్ వోల్మర్," అన్నాడు యోబు ఇంగ్లీషులో. "బిరడా అక్కర్లేదు. ఆ లారీ ఓడ దగ్గరికి పోదు."

వోల్మర్ కంగారుపడలేదు. గొట్టాన్ని కిటికీ చువ్వల్లోంచి బయటికి చాపాడు. కింద రాతి మెట్టు. "అయితే నేను జీపులో వెళ్తాను. ఎవరైనా అడ్డొస్తే దీన్ని వదిలేస్తాను. నాకు టీకా ఉంది. ఈ వీధికి ఉందా?"

"ఉంది. నూట అరవై రెండు ఇళ్లు. మీ డాక్టరే దగ్గరుండి వేయించింది. వదిలెయ్యండి. ఏం కాదు."

వోల్మర్ ఆమె వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది. నిజమే అన్నట్టు. వోల్మర్ మొహంలో మొదటిసారి రంగు మారింది. చెయ్యి మెల్లగా లోపలికి తీసుకున్నాడు.

గెలిచామనుకున్నాడు యోబు. అప్పుడే కిటికీ అవతల, ఎదురింటి అరుగు మీద, ఆ పిల్ల కనిపించింది.

ఆరేళ్ల పిల్ల. లారీ వైపు చూస్తోంది. రెండోసారి చూడకూడదు. చూపు తిప్పుకోబోయాడు. కానీ రూతు ఎప్పుడూ తననే చూస్తుంది. ఈ పిల్ల లారీని చూస్తోంది. మోకాలి మీద దోమ కుట్టిన చోట గోక్కుంటోంది. కాళ్ల కింద నీడ ఉంది.

యోబు రెండోసారి చూశాడు.

"ఏయ్ జయా," వెంకటలక్ష్మమ్మ గొంతు వీధంతా వినిపించింది. "లోపలికి దూరు బేగా. సూదేసే ఆయప్ప ఇంగా ఈడే ఉండాడు."

స్టవ్ దగ్గర ప్రసన్నకుమారి చెయ్యి ఆగిపోయింది. గరిటెలోంచి నూనె బొట్టు కిందపడింది.

వోల్మర్‌కి నాలుగు భాషలు వచ్చు. తెలుగు రాదు.

"మేడమ్," అన్నాడు యోబు, వోల్మర్ మీద నుంచి చూపు తీయకుండా, తెలుగులో. "ఆ పిల్ల షీట్‌లో లేదు."

"నలుగురే అంది ముసలామె." ప్రసన్నకుమారి కూడా తెలుగులోనే అంది. "లోపలికి వెళ్లి చూడలేదు. నేను చూడలేదు."

"ఏమంటున్నాడు?" అన్నాడు వోల్మర్.

ప్రసన్నకుమారి కిటికీ వైపు చూసింది. పిల్ల ఇంకా గోక్కుంటోంది.

"కూర మాడుతోందంటున్నాడు," అంది ఇంగ్లీషులో.

"మంట పెంచమ్మా," అన్నాడు యోబు. "మిరపకాయలు ఎన్నుంటే అన్నీ వెయ్యి."

ఆ ఒక్క క్షణంలో ఆమె ఎవరి మనిషో ఏ ఫైల్లోనూ లేదు. స్టవ్ పంపు నాలుగుసార్లు కొట్టింది. ఎండుమిరపకాయల డబ్బా మొత్తం బాణలిలో బోర్లించింది. పైన గుప్పెడు ఆవాలు.

చిటపటమని తుపాకుల్లా పేలాయి ఆవాలు. నల్లటి పొగ లేచింది. ఆ ఘాటు ఈ నేల మీద పుట్టినవాళ్లకే కళ్లనీళ్లు తెప్పిస్తుంది. వోల్మర్ ఒక్క దగ్గు దగ్గాడు. రెండోది ఆగలేదు. మూడో దగ్గుకి నడుం వంగింది, వేళ్లు సడలాయి.

యోబు ఊపిరి బిగబట్టి దూకాడు. మణికట్టు దొరికింది. గొట్టం వేళ్లలోంచి జారింది. నేలకి జానెడు ఎత్తులో అతని ఎడమచేతిలో పడింది. ఆ విసురులోనే దాన్ని బాణలిలోకి తోశాడు. చేతితో సహా.

నూనెలో గాజు టప్పుమంది.

"పెంచు," అన్నాడు యోబు, కాలిన చేతిని పట్టుకుని. "ఇంకా పెంచు. ఆపొద్దు."

*

బాణలి అరగంట సేపు మండింది. దాన్ని అలాగే సున్నపు గుంటలో పూడ్చారు. గదికి మందు కొట్టి సీలు వేశారు. వోల్మర్‌ని లారీ ఎక్కించారు. అతను ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

ప్రసన్నకుమారి జీపు తాళాలు దేవరాజు చేతిలో పెట్టింది. గురుస్వామి ఉత్తరం వోల్మర్‌కి చేరవేసింది తనేనని, వేపమండ కట్టింది తనేనని ఎవరూ అడక్కముందే చెప్పింది. దేవరాజు ఆమె మీద రిపోర్టు ఎలా రాయాలో తెలియక పెన్ను మూత పెట్టేశాడు.

లారీ ఎక్కబోతూ ఆమె యోబు వైపు తిరిగింది. "నేను ఎక్కడ తప్పు చేశాను?"

"తిరగవాతలో."

ఆమెకి అర్థం కాలేదు. "చప్పిడి పప్పు నేను తినలేను," అంది.

వెంకటలక్ష్మమ్మ అరుగు మీద నిలబడి అంతా చూసింది. యోబు కట్టు కట్టిన చేత్తో దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్పలా," అంది. "అమ్మకి తిరగవాత పడదని."

"పడలేదమ్మా. దెబ్బకి పోయింది." సంచిలోంచి రెండు మొనల టీకా సూది తీశాడు. "పిల్లని పిలువు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సన్నబిడ్డప్పా. జరమొస్తాది."

"మూడు రోజులు వస్తాది. పోతాది. మా అమ్మ గూడా నీ మాదిరే అనుకునింది." సూది పట్టుకుని నిలబడ్డాడు. ముసలామె అతని మొహం చూసింది. ఏం కనిపించిందో, లోపలికి తిరిగి, "జయా, రామ్మా," అంది.

జయలక్ష్మి వచ్చింది. చెయ్యి చాపింది. యోబు పదిహేనుసార్లు పొడిచాడు. ఏడవలేదు, మూతి ముడిచింది. చెయ్యి వెచ్చగా ఉంది. అతను దాన్ని వదలడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

తర్వాత అడిగాడు. గొంతు తనది కాదేమో అనిపించింది.

"ఇంట్లో ఇంకా ఎవరన్నా ఉండారా పాపా?"

వెంకటలక్ష్మమ్మ మనవరాలి వైపు గుడ్లురిమి చూసింది. పిల్ల అవ్వని చూసింది. యోబు మచ్చల మొహాన్ని చూసింది.

"ఉండాడు," అంది. "మా తాత. గాదెలో దాంకోనుండాడు."

గాదె మీది చాట కదిలింది. నెత్తి నిండా జొన్నల దుమ్ముతో శేషయ్య తల బయటికి వచ్చింది. నలభై ఏళ్లుగా నల్లరాతిని చీల్చిన మనిషి సూది వైపు చూసి గుటక వేశాడు.

"చిన్నదేనా అప్పా?"

"నీ ఉలి కంటే చిన్నదే. చెయ్యి ఇట్లా పెట్టు."

పని అయ్యాక యోబు గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వీధి, ఎండ, వరసగా దేవుళ్లు. అంతే.

షీట్ తీసి 'నలుగురు' కొట్టేసి 'ఆరుగురు' అని రాశాడు. పక్కన 'పూర్తి' అని రాయబోయాడు. పెన్ను ఆగింది. లేచి వెళ్లి, చాట తీసి, గాదెలోకి ఇంకోసారి తొంగి చూసి వచ్చాడు.